ఏజెంటా, నేరుగా పబ్లిషరా: ఏది మేలు?

తెలుగు నవల పట్టుకుని లిటరరీ ఏజెంట్ (రచయిత తరఫున పబ్లిషర్‌తో మాట్లాడి కమీషన్ తీసుకునే మనిషి) కోసం వెతుకుతున్నవాళ్లు ఆ పని ఇప్పుడే ఆపేయొచ్చు. తెలుగు పుస్తకాలకు ఏజెంట్ల వ్యవస్థంటూ లేదు. హైదరాబాద్‌లో మన పుస్తకం రావాలంటే పబ్లిషర్‌కి ఫోన్ చేస్తాం, తెలిసిన రచయితతో ఒక మాట చెప్పిస్తాం, కుదరకపోతే డీటీపీ, కవర్, ప్రెస్ ఖర్చులన్నీ మనమే పెట్టుకుని అచ్చువేసి, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఆవిష్కరణ సభ జరిపి, బుక్ ఫెయిర్‌లో ఎవరిదో స్టాల్‌లో నాలుగు కాపీలు పెట్టమని బతిమాలుకుంటాం. ఇందులో కమీషన్ తీసుకునే మనిషికి చోటెక్కడుంది?

మీరు ఇంగ్లీషులో రాస్తున్నా, మీ నవలకి మంచి ఇంగ్లీషు అనువాదం ఉన్నా అప్పుడు ఆలోచించాలి. పెద్ద ఇంగ్లీషు పబ్లిషర్లు ఎక్కువమంది ఢిల్లీ, గురుగ్రామ్ వైపే ఉంటారు కాబట్టి ఇక్కడి పరిచయాలు అక్కడ పెద్దగా పనిచేయవు. ఏజెంట్ ఉంటే మన రాతప్రతి సరైన ఎడిటర్ చేతికి వెళ్తుంది, అది నిజమైన లాభమే.

కానీ లెక్క చూడండి. ఏజెంట్ కమీషన్ మామూలుగా 15 శాతం, విదేశీ, అనువాద హక్కులకైతే 20 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 400 రూపాయల పేపర్‌బ్యాక్ మీద 7.5 శాతం రాయల్టీ (అమ్ముడైన ప్రతి కాపీ మీద రచయితకు వచ్చే వాటా) అనుకుంటే కాపీకి 30 రూపాయలు. 2,000 కాపీలు అమ్ముడైతే మనకు 60,000, అందులో ఏజెంట్‌కి 9,000. నెలల తరబడి తిరిగే పనికి 9,000! అందుకే వాళ్లు ఆచితూచి తీసుకుంటారు, చాలామందికి జవాబు కూడా ఇవ్వరు. దాన్ని మన రచన మీద తీర్పు అనుకుని కుంగిపోనక్కర్లేదు.

నా లెక్కలో ఏజెంట్ విలువ తలుపు తెరిపించడంలో కన్నా అగ్రిమెంట్‌లో ఎక్కువ. పబ్లిషర్ పంపే కాగితంలో సినిమా, వెబ్ సిరీస్, ఆడియో, అనువాదం అన్నీ ఒకే వాక్యంలో రాసేసి ఉంటే ఏజెంట్ ఒక్కొక్కటీ విడదీసి బేరమాడతారు. సినిమావాళ్ల మధ్య బతికే హైదరాబాద్ రచయితకి ఇది చిన్న విషయం కాదు. నేరుగా వెళ్తే ఆ పని మనమే చేసుకోవాలి, మరీ అంత కష్టమేం కాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ఒకసారి చదవండి: హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి, గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. పబ్లిషర్లు తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడుకోకపోతే, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, అది వాళ్ల చేయి దాటిపోతుంది. తెలుగు పబ్లిషర్లతో కూడా ఇదే చట్టం, మొహమాటపడి నోటిమాట మీద వదిలేస్తాం గానీ.

ఇక చదవడానికి ఫీజు, ఎడిటింగ్ ప్యాకేజీ, మార్కెటింగ్ ప్యాకేజీ అంటూ డబ్బు అడిగేవాళ్లు ఏజెంట్లే కారు. పుస్తకం పబ్లిషర్‌కి అమ్ముడుపోయాకే అసలైన ఏజెంట్‌కి డబ్బు వస్తుంది. ముందే డబ్బు తీసుకున్నవాడికి మన పుస్తకం ఎందుకు అమ్మాలనిపిస్తుంది? ఆ డబ్బేదో ఇక్కడి మంచి ప్రెస్‌కి ఇచ్చి సొంతంగా వేసుకోవడం వెయ్యి రెట్లు నయం.

రెండూ ప్రయత్నిస్తాం అంటారా, అయితే వరుస ముఖ్యం. ముందు ఏజెంట్లకే పంపండి. పబ్లిషర్లందరికీ మనమే పంపి కాదనిపించుకున్నాక, అదే రాతప్రతి మళ్లీ ఆ ఎడిటర్లకే పంపడం ఏజెంట్‌కి ఇబ్బంది. నవలైతే పూర్తిచేశాకే వెళ్లండి, నాన్ ఫిక్షన్‌కి ప్రపోజల్ (పుస్తకంలో ఏముంటుందో చెప్పే ప్రణాళిక), శాంపిల్ అధ్యాయాలు చాలాసార్లు సరిపోతాయి. ఏజెంట్‌కి పుస్తకాన్ని పరిచయం చేస్తూ రాసే ఒక పేజీ క్వెరీ లెటర్‌లో కథేంటో చెప్పండి, సన్మానాల జాబితా వద్దు (మనవాళ్లకి ఇదే కష్టం). ఒకేసారి నలుగురైదుగురికి పంపడం తప్పేం కాదు, ఆరు నెలలు చూసి ఆ తర్వాత నేరుగా పబ్లిషర్‌కి వెళ్లండి.

అనువాదమైతే మరో చిక్కుంది. అనువాదం మీద అనువాదకులకు వేరే కాపీరైట్ ఉంటుంది, మూలం మీద మీది మీదే. రాయల్టీలో ఎవరికెంత, కవర్ మీద వాళ్ల పేరు ఎక్కడ, విదేశీ అడ్వాన్స్ వస్తే ఎలా పంచుకోవాలి, ఇవన్నీ ఏజెంట్‌కి మెయిల్ పెట్టకముందే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసుకోండి, స్నేహితులైతే మరీనూ.