బయటి నీళ్లు తాగని గుర్రానికి బీట్ పల్ప్

టెక్సస్‌లో ఎండ్యూరెన్స్ రైడింగ్ (గుర్రం మీద మైళ్ల తరబడి సాగే దూరపు పోటీ) చేసేవాళ్లని దాణా గురించి అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు. ఓట్స్ అనేవాళ్లు ఉన్నారు, రైస్ బ్రాన్ అనేవాళ్లు ఉన్నారు, నూనె పొయ్యమనేవాళ్లూ ఉన్నారు. కడపలో ఉన్న మా పెదనాన్న అయితే ఫోన్ చేసినప్పుడల్లా "ఉలవలు ఉడకబెట్టి పెట్టరా" అంటాడు. ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో దొరికే ఉలవల ప్యాకెట్లు మా ఇంట్లో ఉలవచారుకే చాలవు, ఇంక గుర్రానికేం పెడతాను!

నేను కొన్నేళ్లుగా పెడుతున్నది బీట్ పల్ప్, అంటే చక్కెర దుంపలోంచి చక్కెర తీసేశాక మిగిలే పిప్పి. పీచెంత, ప్రొటీనెంత అన్నది సంచి మీదే ఉంటుంది కాబట్టి ఆ లెక్కలు వదిలేస్తున్నా. నాకు దీని మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఒక్కటే, నీళ్లు. మా అరబ్ గుర్రం ఇంటి దగ్గర బకెట్లు ఖాళీ చేస్తాడు కానీ, పోటీకి తీసుకెళ్తే తొట్టిలో మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసుకుంటాడు.

ఒక మే నెలలో 50 మైళ్ల రైడ్‌కి వెళ్లాం. ఎండ కంటే ఉక్క ఎక్కువ, పట్టిన చెమట ఆరడం లేదు. మొదటి లూప్ (దారిలో ఒక చుట్టు) ముగించి వచ్చాక పల్స్ నిమిషానికి 60కి తొందరగానే దిగింది. ట్రాట్ (చిన్న పరుగు) చేయించి చూశారు, కుంటు లేదు. నేను ధీమాగానే ఉన్నాను. వెట్ (పశువుల డాక్టరు) మాత్రం స్టెతస్కోప్ పొట్టకి ఆనించి చాలాసేపు విన్నది. భుజం దగ్గర చర్మం పట్టి వదిలితే అది నిదానంగా సర్దుకుంటోంది, అంటే ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట. "కుడివైపు పేగుల చప్పుడు బాగా తగ్గింది, బయలుదేరే ముందు మళ్లీ తీసుకొచ్చి చూపించు" అని కార్డు మీద సి వేసింది (ఏ అంటే బాగున్నట్టు, సి అంటే తేడా ఉన్నట్టు). ఆ అక్షరం చూశాక నాకు టెన్షన్ మొదలైంది.

నీళ్లు పెడితే ముట్టలేదు. గుర్రంతో చిక్కే ఇది. దాని చెమటలో ఉప్పు ఇంచుమించు రక్తంలో ఉన్నంత ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మనకి చెమటలో నీళ్లే ఎక్కువ పోతాయి, రక్తంలో ఉప్పు పాళ్లు పెరిగి దాహం వేస్తుంది. గుర్రానికి నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఒళ్లు ఎండిపోతున్నా దాహం సరిగా తెలియదు.

మేము లూప్‌లో ఉండగానే మా ఆవిడ బీట్ పల్ప్ నానబెట్టి ఉంచింది, అదీ ముద్దలా కాకుండా అంబలిలా పల్చగా. వాడు ముందు పైనున్న నీళ్లు జుర్రుకున్నాడు, తర్వాత పిప్పి తిన్నాడు. ఖాళీ అయిన తొట్టిలో మా ఆవిడ మళ్లీ నీళ్లు పోసింది. అడుగున అంటుకున్న పిప్పి వాసనకి కాబోలు, ఇందాక వద్దన్న నీళ్లనే తాగేశాడు. హోల్డ్ (లూప్‌ల మధ్య తప్పనిసరిగా ఆగే విరామం) అయ్యేలోపు వెట్ మళ్లీ విని, సి కొట్టేసి బి రాసి పంపింది. చివరి లూప్‌లో దారి మధ్యలో ఆగి మూత్రం పోశాడు, రంగు లేతగానే ఉంది. రైడ్ పూర్తి చేసినందుకన్నా నాకు దానికే ఎక్కువ సంతోషం వేసింది.

అప్పట్నుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే చెప్తూ వచ్చాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది, రెండో లూప్‌లో ఎండ లేదు. హోల్డ్‌లో వాడు ఎండుగడ్డి కూడా బాగానే తిన్నాడు. పీచు ఏదైనా పెద్దపేగులో నీటిని, ఉప్పుని నిలవ ఉంచుతుంది, ఆ పనిలో పెద్ద వాటా గడ్డిదే. మా దగ్గర గడ్డంటే కోస్టల్ బర్ముడా. సన్నగా ఉండే ఆ గడ్డితో చిన్నపేగు చివర అడ్డుపడి కోలిక్ (గుర్రాలకొచ్చే కడుపునొప్పి) వచ్చే ప్రమాదం ఉందని వెట్లు హెచ్చరిస్తుంటారు. అందుకని తడి మేత కూడా ఉంటే నాకు ధైర్యం. అల్ఫాల్ఫా (లూసర్న్ మేత) వాడొచ్చు కదా అంటారు. మా వైపు అందులో బ్లిస్టర్ బీటిల్ అనే పురుగు వస్తుంది, ఎండి చచ్చినా దాని విషం పోదు. మొదటి కోత మోపులైతేనే కొంటాను, అవి కూడా విప్పి దులిపి చూశాకే.

బీట్ పల్ప్‌తో చిరాకులూ ఉన్నాయి. జూలైలో నానబెట్టింది మధ్యాహ్నానికే పులుస్తుంది, పులిస్తే వాడు మూతి కూడా పెట్టడు. అందుకే రైడ్‌కి పొడిదే తీసుకెళ్లి, అక్కడ కావలసినంతే నానబెడతాం. గుళికలు నానడానికి గంటలు పడుతుంది, తురుములా వచ్చేది తొందరగా నానుతుంది. ఇందులో కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ బాగా తక్కువ, విటమిన్లు లేనట్టే. కాబట్టి ఇదొక్కటే దాణా అనుకోకూడదు, బ్యాలెన్సర్ (విటమిన్లు, ఖనిజాలు కలిపిన మేత) వేరే కొనాల్సిందే. ఒకసారి ఫీడ్ స్టోర్ వాళ్లు మామూలు దాని బదులు మొలాసిస్ (చక్కెర మడ్డి) కలిపింది అంటగట్టారు. చక్కెర తీసిన పిప్పిని కొని మళ్లీ చక్కెర ఎందుకు పెట్టాలి? అప్పట్నుంచి సంచి మీద లేబుల్ చదవకుండా బండిలో వేయించుకోను.

నా గుర్రం నీళ్ల దగ్గర మొండివాడు, మాది టెక్సస్ ఉక్క, మేం చేసేవి 25, 50 మైళ్ల రైడ్లు. ఈ లెక్కలో నాకిది బాగా పనికొచ్చింది. టెవిస్ లాంటి 100 మైళ్ల పోటీకి ఇది చాలుతుందా అంటే, నేను అంత దూరం వెళ్లలేదు. మీ గుర్రం ఎక్కడైనా నీళ్లు తాగి, గడ్డి మీదే ఒళ్లు నిలుపుకునే రకమైతే ఈ నానబెట్టే పనంతా పెట్టుకోనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం రైడ్‌కి కనీసం రెండు మూడు వారాల ముందు నుంచే ఇంట్లో కొద్దికొద్దిగా అలవాటు చేయండి. పోటీ రోజున కొత్త మేత పెడితే చాలా గుర్రాలు వాసన చూసి వదిలేస్తాయి.