హినెమొఅన బేకర్: ముందు వినాలా, చదవాలా?

హినెమొఅన బేకర్ న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరి జాతికి చెందిన కవయిత్రి, గాయని. చాలా ఏళ్లు బెర్లిన్‌లో ఉన్నారు. 2004లో ఒకే ఏడాది ఆమె మొదటి కవితా సంపుటి, ‘పుఆవై’ అనే పాటల ఆల్బమ్ రెండూ వచ్చాయి. అందుకే కొత్తవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలన్నది తేలదు.

ఖర్చు: ఆమె కవితలు చదివిన రికార్డింగులు నెట్‌లో ఉచితంగా వినొచ్చు. పుస్తకం తెప్పించుకోవాలంటే ధరకి తోడు పోస్టేజీ కూడా పెట్టుకోవాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. ఆమె ఇంగ్లీషు కవిత మధ్యలో మావోరి మాట వస్తే కాగితం మీద కన్ను ఆగిపోతుంది. గొంతులో అయితే అది పాటలా సాగిపోతుంది. పైగా ఆ భాషలో, మనలాగే, హ్రస్వం దీర్ఘమైతే అర్థం మారిపోతుంది. ‘కెకె’ అంటే కేకు, ‘కేకే’ అంటే చంక! ఇంగ్లీషు లిపిలో ఆ దీర్ఘానికి a, e లాంటి అచ్చుల మీద చిన్న గీత పెడతారు, తొందరలో అది కంటికి ఆనదు. తెలుగు చెవి మాత్రం ఇట్టే పట్టేస్తుంది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

రిస్కు: వింటే రాగంలో పడి మాట జారిపోవచ్చు. చదివితే ఆ గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే పుస్తకం మూసేస్తాం.

కవిత్వం అలవాటు లేనివాళ్లు, బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వెళ్లేవాళ్లు ముందు వినండి. ఒక్కో పంక్తి దగ్గర ఆగి మళ్లీ చదివే అలవాటుంటే 2020లో వచ్చిన ‘ఫుంక్‌హౌస్’ సంపుటి తీసుకోండి. పిల్లలకి కథలా చెప్పాలనుకుంటే మాత్రం రికార్డింగే పెట్టండి.