యువ రైతుల కూరగాయల పెట్టె: చందా కట్టవచ్చా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న కొద్ది రోజులకే దేశదేశాల్లో హోటళ్లు, హాస్టళ్లు, కార్యాలయాల క్యాంటీన్లు మూతపడ్డాయి. వాటినే నమ్ముకొని సాగులోకి దిగిన యువ రైతులకు పంట కోతకు వచ్చినా కొనేవారు లేకుండా పోయారు. అలాంటివారు కొందరు కలిసి ఆ రోజుల్లో మొదలుపెట్టినదే ఈ కూరగాయల పెట్టె సేవ. నేను తొలి నుంచీ చందాదారును.

సీజన్ మొత్తానికి సొమ్ము ముందే కట్టించుకోవడం కొందరికి నచ్చదు. నా దృష్టిలో ఈ సేవకు ప్రాణం అదే. పాతకాపుకు సొంత భూమి, ఎరిగిన వ్యాపారి, ఎంతో కొంత వెనకేసుకున్న డబ్బు ఉంటాయి. కొత్తగా దిగినవారికి ఉండేవి కౌలు భూమి, చుక్కచుక్కగా నీరందించే డ్రిప్పుకో, ప్లాస్టిక్ కప్పు కింద పంట పెంచే పాలీహౌస్‌కో తెచ్చిన అప్పు. పంట అమ్ముడుపోయినా పోకపోయినా వాటి వాయిదా మాత్రం ఆగదు. చందా సొమ్ము చేతికందితే విత్తనాలకు, కూలీలకు మళ్లీ అప్పు చేయనక్కరలేదు. వారు కనిపెట్టిన పద్ధతేమీ కాదిది, చాలా దేశాల్లో దశాబ్దాలుగా ఉన్నదే.

ఇక సరుకు సంగతి. ఆకుకూరలు వేళ్లతో సహా, తడి గుడ్డలో చుట్టి వస్తాయి. కట్టకు కోసిన తేదీతో చీటీ ఉంటుంది. వాటికి వంక పెట్టలేను. టమాటాల విషయంలో మాత్రం నిరాశే. ఆకుకూరలకు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉండే చల్లదనం మేలు చేస్తుంది గానీ, పచ్చి టమాటాను 10 డిగ్రీలకు దిగువన రోజుల తరబడి ఉంచితే సరిగా పండదు, రుచీ పోతుంది. రెండింటినీ ఒకే శీతల గదిలో పెడుతున్నందువల్ల మచ్చలు పడిన, చప్పని కాయలు వస్తున్నాయి. ఫిర్యాదు చేస్తే మర్యాదగా జవాబిచ్చారు, మార్పు మాత్రం లేదు. నిజానికి టమాటాలకు రెండో గది అక్కరలేదు, నీడపట్టున గాలి తగిలేలా ఆరబోస్తే చాలు.

మార్కెట్లు తెరుచుకున్నాక చాలామంది చందా మానేశారు. అంతే దూరం తిరిగే వాహనం తక్కువ ఇళ్లకు పెట్టెలు చేర్చవలసి రావడంతో రవాణా ఖర్చు పెరిగింది, పెట్టెలో రకాలు తగ్గాయి. గుంపులోకి వెళ్లాలంటే భయపడి చేరినవారిని శాశ్వత ఖాతాదారులుగా లెక్క వేసుకోవడం వారి పొరపాటే. ఇప్పుడు కొంత పంటను తిరిగి హోటళ్లకు ఇస్తున్నారట. మంచిదే, మొత్తం అటే మళ్లించకపోతే.

ఐదుకు మూడున్నర మార్కులు. ఆకుకూరలు ఎక్కువగా వాడే ఇంటివారు నిస్సంకోచంగా చేరవచ్చు. టమాటాల కోసమైతే వద్దు.