యూఎఫ్‌సీ వెయిట్ క్లాసులు: 155కీ 170కీ మధ్య ఒక బెల్టు బాకీ

ఆదివారం పొద్దున్నే లేచి టీవీలో యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన ఎంఎంఏ పోటీలు నడిపే అమెరికా కంపెనీ) పెట్టుకునేవాళ్ళకి ఆ కంపెనీ ఇస్తానన్నది ఒక్కటే: సమ ఉజ్జీల పోరు. ఆ మాట నిలిచేదీ తప్పేదీ ఫైట్‌కి ముందురోజు, అమెరికాలో శుక్రవారం ఉదయం, కాటా మీదే. అందుకే ఈ రివ్యూ ఫైట్ల గురించి కాదు, వాటికి పునాది అయిన వెయిట్ క్లాసుల గురించి. ఇప్పుడున్న పద్ధతికి ఐదుకి మూడు మార్కులు. కొత్తగా 165 పౌండ్ల విభాగం పెట్టి, 170ని 175కి జరిపితే నాలుగు ఇవ్వొచ్చు.

మగవాళ్ళకి ఎనిమిది విభాగాలున్నాయి. ఒక్కో అంకె ఆ విభాగంలో ఉండదగ్గ గరిష్ఠ బరువు. 125, 135, 145, 155 వరకు పదేసి పౌండ్ల తేడా. అక్కడి నుంచి 170కి, 185కి పదిహేనేసి. ఆ తర్వాత 205కి ఇరవై, హెవీవెయిట్‌కి 265 దాకా ఏకంగా అరవై. కింది విభాగాల్లో ఈ కొలత బాగానే పనిచేస్తోంది. 145 నుంచి 155కి వెళ్ళేవాడు ఏడు శాతం అదనపు బరువు మోస్తే చాలు, ఎముక పుష్టి ఉన్నవాడికి అది అందే దూరమే. ఇలియా టోపూరియా 2025లో 145 బెల్టు వదిలేసి పైకి వచ్చి, చార్లెస్ ఒలివేరాని మొదటి రౌండ్లోనే నాకౌట్ చేశాడు. 155 నుంచి 170కి మాత్రం తేడా దాదాపు పది శాతం. అదీ ఎంఎంఏలో ఎక్కువమంది ఫైటర్లు గుమిగూడే బరువుల దగ్గర.

మామూలు రోజుల్లో 85 కిలోలుండే ఫైటర్ని తీసుకోండి. 155 అంటే 70.3 కిలోలు. అతను 14.7 కిలోలు, అంటే తన బరువులో 17 శాతం దించాలి. అది వద్దనుకుని 170కి, అంటే 77.1 కిలోలకి వెళ్తే, అక్కడ 90 కిలోల నుంచి దిగి వచ్చినవాళ్ళు ఎదురవుతారు. 165 అంటే 74.8 కిలోలు. అప్పుడు దించాల్సింది పది కిలోలు, పన్నెండు శాతం. అందులో సగానికి పైగా ఎనిమిది వారాల ట్రైనింగ్‌లో కొవ్వుగా పోతుంది. మిగతాది చివరి వారం నీళ్ళు, తూకం అయ్యాక తాగి తిరిగి నింపుకునేవే.

ఆ చివరి వారంలోనే ప్రాణాల మీదకి వస్తుంది. ముందు కార్బోహైడ్రేట్లు తగ్గిస్తారు. ఒంట్లో నిల్వ ఉన్న ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే నీళ్ళూ పోతాయి. తర్వాత ఉప్పు, పీచు తగ్గిస్తారు. వారం మొదట్లో విపరీతంగా నీళ్ళు తాగి, చివరి రోజు దాదాపు మానేస్తారు. ఆఖరి రాత్రి వేడినీళ్ళ టబ్బు, ఆపైన తువ్వాళ్ళు చుట్టుకుని పడుకోవడం, లేదా ఆవిరి గది. ఒక దశ దాటాక ఒళ్ళు చెమట పట్టడం ఆపేస్తుంది. ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందదు. బ్రెజిల్‌లో 2013లో లియాండ్రో సౌజా, ఫిలిప్పీన్స్‌లో 2015లో యాంగ్ జియాన్ బింగ్ అనే ఫైటర్లు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు. తర్వాత 155 చాంపియన్ అయిన ఖబీబ్ నూర్మగొమెదోవ్ అంతటివాడు 2017 మార్చిలో 155కి దిగుతూ ఆస్పత్రి పాలయ్యాడు, టోనీ ఫెర్గూసన్‌తో ఫైట్ రద్దయింది.

కాటా దగ్గర లెక్క ఎంత కఠినమో చూడండి. మామూలు ఫైట్‌కి ఒక పౌండు వెసులుబాటు ఉంటుంది, బెల్టు కోసం జరిగే టైటిల్ ఫైట్‌కి అదీ ఉండదు. 2022 మేలో ఫీనిక్స్‌లో చాంపియన్ ఒలివేరా చుట్టూ తువ్వాలు అడ్డం పట్టారు. ఒంటి మీద నూలుపోగు లేకుండా కాటా ఎక్కాడు. ముల్లు 155.5 దగ్గర ఆగింది. అర పౌండు, 227 గ్రాములు. బెల్టు పోయింది. మర్నాడు ఫైట్ గెలిచాడు, అయినా బెల్టు రాలేదు.

ఇదేమీ కొత్త డిమాండ్ కాదు. అమెరికాలో ఫైట్లని పర్యవేక్షించే రాష్ట్ర కమిషన్ల సంఘం ఏబీసీ 2017 జూలైలోనే 165, 175, 195, 225 విభాగాలకి ఆమోదం తెలిపింది. చట్టం అడ్డు లేదు, రూల్ బుక్కులో గీత ఉంది. యూఎఫ్‌సీ వాడుకోవడం లేదంతే. బెల్టులు పెరిగితే విలువ పడిపోతుందని, బాక్సింగ్‌లోని పదిహేడు విభాగాలని చూపిస్తారు. బాక్సింగ్‌ని చెడగొట్టింది విభాగాలు కాదు, ఒక్కో విభాగానికి నలుగురు చాంపియన్లని నిలబెట్టిన నాలుగు సంస్థలు. యూఎఫ్‌సీకి ఆ బెడద లేదు.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. 165 పెడితే ఇప్పుడు 170లో సుఖంగా ఉన్నవాళ్ళు కిందికి దిగడానికి మళ్ళీ నీళ్ళు మానేస్తారు. ఇది నిజం. అందుకే కొత్త గీత ఒంటరిగా రాకూడదు, ఫైట్ రోజు రెండో తూకం కూడా రావాలి. కాలిఫోర్నియా కమిషన్ 2017 నుంచి చేస్తున్నది అదే. పది శాతానికి మించి బరువు తిరిగి పెరిగితే పై విభాగానికి వెళ్ళమంటుంది. 74.8 కిలోల దగ్గర తూగినవాడు 82.3 దాటకూడదన్నమాట. ఆసియాలో పోటీలు నడిపే వన్ చాంపియన్‌షిప్ యాంగ్ మరణం తర్వాత ఇంకా ముందుకెళ్ళి మూత్ర పరీక్ష పెట్టింది. మూత్రం సాంద్రత 1.025 దాటితే ఒంట్లో నీళ్ళు చాలనట్టే, తూకం చెల్లదు.

రెండో తూకం బదులు ఉన్న ఒక్క తూకాన్నే పోటీ రోజు పొద్దున పెడితే చాలదా అంటే, చాలదు. పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీ ఫైనల్ రోజు వంద గ్రాములతో పోటీకే దూరమైంది. అక్కడ తూకం పోటీ పొద్దునే. అయినా వెయిట్ కట్, అంటే తూకం కోసం ఇలా బరువు దించుకోవడం, ఆగలేదు. తలకి దెబ్బలు తగిలే ఆటలో ఒంట్లో నీళ్ళు లేకుండా దింపడం మరీ ప్రమాదం.

195, 225 మాత్రం ఇప్పుడు వద్దు. 205లోనే ఫైటర్లు పలచగా ఉన్నారు, దాన్ని చీలిస్తే రెండూ బక్కచిక్కుతాయి. ఆడవాళ్ళ 145 విభాగానికి ఏమైందో చూశాం. దాని చాంపియన్ అమాండా నూనెజ్ 2023లో రిటైరయ్యాక అది మూతపడింది. ఆడవాళ్ళకి అవసరమైన గీత కింద ఉంది, 105 దగ్గర.

మార్చడం కష్టమేమీ కాదు. 170 బెల్టు అలాగే 175 అవుతుంది, చాంపియన్ చేతిలోంచి ఏదీ పోదు. 165 ఖాళీ బెల్టుకి నలుగురితో టోర్నీ పెట్టాలి, 155 నుంచి ఇద్దరు, 170 నుంచి ఇద్దరు. కనీసం ఆరు నెలల ముందు ప్రకటించాలి. ఎందుకంటే అప్పటికే ఒప్పుకున్న ఫైట్లు పాత బరువుల్లోనే ముగియాలి, ఏ విభాగమో తేల్చుకునే ఫైటర్ ఒంటికీ ఒక పూర్తి ట్రైనింగ్ క్యాంపు దొరకాలి.