న్యూజెర్సీ మెడికేర్ ఉచిత సలహా సేవ: కొన్నేళ్ల వాడకం తర్వాత

పెద్ద వయసువారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఏ, బీ, డీ భాగాలంటే ఏమిటో, అరవై అయిదు నిండే నెలకు అటూ ఇటూ మూడేసి నెలల్లోనే ఎందుకు చేరాలో చాలామంది ఇప్పటికే రాశారు కనుక నేను వాటి జోలికి వెళ్లను. న్యూజెర్సీలో రిటైరైనవారికి రాష్ట్రం తరఫున అందే ‘షిప్’ అనే ఉచిత సలహా సేవను మేం దంపతులం కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఇటువంటి సేవ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, కాలిఫోర్నియావాళ్లు దానిని హైక్యాప్ అంటారు. దీనిపై నాకున్న అభిమానమంతా ఒకే ఒక్క గుణం వల్ల ఏర్పడింది. బీమా కంపెనీ ఇక డబ్బు కట్టబోమని చెప్పినప్పుడు, ఎవరిని ఏ గడువులోపు అడగాలో ఈ సలహాదారులకు కచ్చితంగా తెలుసు.

మొదటిసారి వెళ్లింది మా వారికి అరవై అయిదు నిండబోతున్నప్పుడు. రాష్ట్రంలోని 21 కౌంటీల్లోనూ ఈ సేవ ఉంది, మాది మిడిల్‌సెక్స్ కౌంటీ. మాకు సలహా ఇచ్చినావిడ శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్త, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. ఆవిడ మా వారి మందుల సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టించి, ఒక్కొక్కదాని మోతాదు చదివి మెడికేర్ వెబ్‌సైటులో ఎక్కించి, ఏ పథకంలో ఏడాదికి ఎంత ఖర్చవుతుందో ముద్రించి ఇచ్చారు. ప్రభుత్వమే నడిపే ఒరిజినల్ మెడికేర్‌కు తోడు, అది కట్టని వాటాను భరించే మెడిగ్యాప్ అనే ప్రైవేటు బీమా తీసుకోవడం ఒక దారి అనీ, ప్రైవేటు కంపెనీ నడిపే అడ్వాంటేజ్ పథకంలో చేరడం రెండో దారి అనీ వివరించారు. ఏది తీసుకోమన్నది మాత్రం చెప్పలేదు, అది వారి నియమం. మా ఇద్దరికీ మెడిగ్యాప్ ప్రీమియం నెలనెలా కట్టడం మా పింఛనులో కుదరదు కనుక అడ్వాంటేజ్ పథకమే తీసుకున్నాం. డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బీ మొదలైన నాటి నుంచి ఆరు నెలల లోపు అయితే ఆరోగ్య ప్రశ్నలు అడగకుండా మెడిగ్యాప్ ఇచ్చి తీరాలనీ, ఆ తర్వాత న్యూజెర్సీలో కంపెనీలు చాలావరకు నిరాకరించవచ్చనీ ఆవిడ ఆనాడే కాగితం మీద రాసి ఇచ్చారు.

ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆ పథకం గురించి ఫిర్యాదు చేయవలసిన అవసరమే రాలేదు. కంటి అద్దాలు, పళ్ల శుభ్రత, జిమ్ సభ్యత్వం అన్నీ అందాయి, నెలవారీ ప్రీమియం లేదు. మంచు మీద జారి మా వారి తుంటి ఎముక విరిగినప్పుడు శస్త్రచికిత్సకూ ఇబ్బంది పెట్టలేదు. అసలు కథ రిహాబ్‌లో, అంటే శస్త్రచికిత్స తర్వాత థెరపీ ఇచ్చి కోలుకునేలా చేసే కేంద్రంలో, మొదలైంది.

రిహాబ్‌లో చేరి మూడు వారాలు నిండకుండానే, ఒక శుక్రవారం మధ్యాహ్న భోజనం ట్రే ఇంకా మంచం మీద ఉండగానే, ఆఫీసు అమ్మాయి క్లిప్‌బోర్డుతో వచ్చి రెండు పేజీల నోటీసు మీద మా వారి చేత సంతకం పెట్టించుకుంది. కవరేజీ ఆదివారంతో ముగుస్తుందని అందులో ఉంది. ఆ తర్వాత కూడా అక్కడే ఉండదలిస్తే రోజుకు కొన్ని వందల డాలర్లు సొంతంగా కట్టుకోవాలని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. అప్పటికి మా వారు వాకర్ పట్టుకుని గది చివరిదాకా నడవగలుగుతున్నారు గానీ, థెరపీ గదిలో సాధన కోసం పెట్టిన చెక్క మెట్లు ఎక్కాలంటే ఒకరు నడుముకు కట్టిన పట్టీ పట్టుకోవలసి వచ్చేది. మా ఇంట్లో పడకగదీ స్నానాల గదీ మేడ మీదే ఉన్నాయి. కేస్ మేనేజర్‌ను అడిగితే, ఇది కంపెనీ నిర్ణయమని, తన చేతిలో ఏమీ లేదని అన్నారు.

నేను వెంటనే కౌంటీలోని షిప్ కార్యాలయానికి ఫోన్ చేశాను. వారాంతం దగ్గర పడింది కనుక సోమవారం దాకా ఎవరూ పలకరనుకున్నాను. అయితే సాయంత్రం వంట చేసుకుంటుండగా ఆ పాత సలహాదారే తన ఇంటి నుంచి ఫోన్ చేశారు. నోటీసు తీయమని, అందులో అప్పీలు కోసం ఇచ్చిన నంబరు బీమా కంపెనీది కాదని, మెడికేర్ నియమించిన స్వతంత్ర సమీక్షా సంస్థదని చెప్పారు. కవరేజీ ముగిసే రోజుకు ముందురోజు మధ్యాహ్నం పన్నెండు గంటల లోపు, అంటే మర్నాడు శనివారం మధ్యాహ్నం లోపు, ఆ సంస్థకు ఫోన్ చేస్తే సత్వర అప్పీలు నమోదవుతుంది. ఆ పన్నెండు దాటితే జవాబు ఆలస్యం కావచ్చు, అది వచ్చేసరికి రిహాబ్ బిల్లు మన నెత్తిన పడి ఉండవచ్చు. నోటీసులో ఇదంతా ఉంది నిజమే, కానీ మూడు రకాల ఫోన్ నంబర్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న మనిషి దానిని తాపీగా చదివి అర్థం చేసుకుంటుందని ఎవరు అనుకున్నారో నాకు తెలియదు.

ఆవిడ ఇంకో మాట చెప్పారు, అది నాకు మరీ విలువైనదిగా తోచింది. ఇటువంటి సందర్భాల్లో రోగిలో మెరుగుదల ఆగిపోయిందన్న కారణం తరచుగా చూపిస్తారట. అయితే 2013లో వెర్మాంట్ ఫెడరల్ కోర్టు ఆమోదించిన జిమ్మో కేసు రాజీ ప్రకారం, మెరుగుపడే అవకాశం ఉందా లేదా అన్నది ఒక్కటే కొలమానం కాకూడదు. నిపుణుల చేతి చికిత్స అవసరమా అన్నదే చూడాలి. పైగా 2024 నుంచి అడ్వాంటేజ్ పథకాలు కూడా ఇటువంటి విషయాల్లో ఒరిజినల్ మెడికేర్ నియమాలనే పాటించాలి. కనుక మనం ‘ఆయనకు ఇంకా నొప్పిగా ఉంది’ అని చెబితే లాభం లేదనీ, ‘మెట్లు ఎక్కడానికి రోజూ థెరపిస్టు పర్యవేక్షణ కావాలి, ఇంట్లో అది అసాధ్యం’ అని చెప్పాలనీ, అదే మాట డాక్టరు చేత రాయించమనీ సలహా ఇచ్చారు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి ఆ సంస్థకు ఫోన్ చేసి, మాట్లాడినవారి పేరూ సమయమూ రాసుకున్నాను. వారాంతంలో డాక్టరు దొరకలేదు కానీ, డ్యూటీలో ఉన్న నర్సు సూపర్‌వైజర్ థెరపీ నోట్స్ వెతికి ఫ్యాక్స్ చేయించారు. నేను ఫోన్ చేసిన సాయంత్రమే బీమా కంపెనీ తన కారణాలు వివరంగా రాసి పంపింది. సలహాదారు ఊహించినట్టే అందులో ‘పురోగతి నెమ్మదించింది’ అనే వాక్యం ఉంది. సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది, కవరేజీ కొనసాగాలని సమీక్షా సంస్థ తీర్పునిచ్చింది.

ఇది జరిగిన తర్వాత బ్రిడ్జ్‌వాటర్ గుడిలో కనబడిన ప్రతివారికీ, షిప్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలు అన్నీ వారే చూసుకుంటారని చెబుతూ వచ్చాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకుంటున్నాను. రెండు వారాలు తిరగకుండానే రెండో నోటీసు వచ్చింది, మళ్లీ అదే పద్ధతిలో అప్పీలు చేశాం, ఈసారి మాకు అనుకూలంగా రాలేదు. అప్పటికి మా వారు రెయిలింగ్ పట్టుకుని మెట్లు ఎక్కుతున్నారు కనుక ఆ తీర్పు పూర్తిగా అన్యాయమని కూడా అనలేను. నిర్ణయం వచ్చేలోపు గడిచిన రోజు ఖర్చు మాత్రం మేమే కట్టుకున్నాం. సలహాదారు దారి చూపగలరు, ఫోన్ చేయవలసిందీ, నోట్స్ అడిగి పంపించవలసిందీ మనమే. నేను రోజూ రిహాబ్‌లోనే ఉండేదాన్ని, ఇంగ్లీషులో వాదించగలను. మంచం మీద ఒంటరిగా ఉన్న మనిషికి శనివారం మధ్యాహ్నం గడువు ఏపాటి ఉపయోగపడుతుందో చెప్పలేను. పైగా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు పథకాలు మార్చుకునే కాలంలో అందరూ ఒకేసారి వస్తారు కనుక, తీరిగ్గా కూర్చోవాలంటే వేసవిలోనే వెళ్లడం నయం. రాష్ట్రవ్యాప్త నంబరు 1-800-792-8820.

అదే సలహాదారు ద్వారా తెలిసిన మరొక మేలు ‘పీఏఏడీ’ అనే రాష్ట్ర మందుల సహాయం. అట్లాంటిక్ సిటీ క్యాసినోల మీద వచ్చే పన్నుల డబ్బు కూడా ఇందులోకి వస్తుంది. జెనెరిక్ మందుకు 5 డాలర్లు, బ్రాండ్ మందుకు 7 డాలర్లు కడితే సరిపోతుంది, ఆస్తులు చూడరు. 2025లో దంపతుల ఆదాయ పరిమితి 60 వేల డాలర్లకు కాస్త పైన ఉండింది, మాకు కొద్దిలో తప్పిపోయింది. పిల్లల దగ్గరకు గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల సంగతి వేరు. ఇక్కడ పని చేసిన చరిత్ర లేకపోతే, అయిదేళ్లు ఎడతెగకుండా నివసించిన తర్వాతే మెడికేర్ కొనుక్కోగలరు. 2025లో ఆసుపత్రి ఖర్చులు చూసే ఒక్క పార్ట్ ఏ ప్రీమియమే నెలకు 518 డాలర్లు. మా వదినగారి తల్లి విషయంలో ఈ లెక్క తేల్చుకోవడానికి కూడా ఆ కార్యాలయమే ఆధారమైంది.

ఇక మా సొంత పథకం సంగతి. రిహాబ్ అనుభవం తర్వాత ఒరిజినల్ మెడికేర్‌కు మారదామనుకున్నాం. మారడానికి అడ్డేమీ లేదు, కానీ మెడిగ్యాప్ లేకుండా మారితే పార్ట్ బీ సేవల ఖర్చులో ఇరవై శాతం మన మీద పడుతుంది, దానికి పైపరిమితి లేదు. మా వారికి మధుమేహం ఉంది, గుండెలో స్టెంట్ ఉంది, ఇప్పుడు ఏ కంపెనీ అయినా ఆరోగ్య ప్రశ్నలు అడుగుతుంది. హడ్సన్ నదికి అవతల న్యూయార్క్‌లో అయితే ఏడాదిలో ఎప్పుడైనా ఆ ప్రశ్నలు లేకుండా మెడిగ్యాప్ ఇవ్వాలనే చట్టం ఉంది, మాకు ఆ వెసులుబాటు లేదు. ఆయన హృద్రోగ వైద్యుడు ఇప్పటి పథకం వైద్యుల జాబితాలోనే (నెట్‌వర్క్‌లోనే) ఉన్నారు కనుక ప్రస్తుతానికి ఉన్నచోటే ఉన్నాం.

మా చెల్లెలు ఈ మధ్యే అరవై అయిదుకు చేరింది, పింఛను మాకంటే మెరుగు, చలికాలం విజయవాడలో గడుపుతుంది. తనను ఆరు నెలల గడువు మొదలవకముందే షిప్‌కు పంపించాను, మెడిగ్యాప్‌లో ప్లాన్ జీ అనే రకం తీసుకుంది. మెడికేర్ ఇండియాలో పనిచేయదు కానీ, ఆ ప్లాన్‌లో విదేశీ అత్యవసర చికిత్సకు ముందుగా మనం కట్టుకోవలసిన 250 డాలర్ల (డిడక్టిబుల్) తర్వాత 80 శాతం ఇస్తారు, జీవితకాల పరిమితి 50 వేల డాలర్లు. అయితే అది ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో తలెత్తిన అత్యవసరానికే వర్తిస్తుంది కనుక, ఆ పైన ఉండే నెలలకు తను హైదరాబాద్‌లో దిగేలోపు వేరే ప్రయాణ బీమా చూసుకోవలసి వస్తోంది.