బోధనాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ శిక్షణ: ఐదుకు నాలుగు మార్కులు

ముక్కులు తీర్చిదిద్దడం నేర్చుకుందామని వచ్చేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ రోజంతా కాలిన గాయాలు, తెగిన వేళ్లు, క్యాన్సర్ వల్ల తీసేసిన దవడలతోనే గడుస్తుంది. సౌందర్య చికిత్సలు మన చేతికి వచ్చేది అరుదు. ఒక మార్కు అందుకే కోశాను.

మైక్రోస్కోపు కింద సన్నని రక్తనాళాలు కుట్టడం నేర్పే మైక్రోసర్జరీ ప్రయోగశాలకు మాత్రం వంక పెట్టలేను. మొదట సిలికాన్ గొట్టం, తర్వాత కోడి తొడలోని ధమని. మిల్లీమీటరు వ్యాసం ఉండే నాళాన్ని తలవెంట్రుక కన్నా సన్నని 10-0 నైలాన్ దారంతో కుట్టాలి. కుట్టడం అయ్యాక మా ప్రొఫెసర్ నాళాన్ని నిలువునా చీల్చి, వెనుక గోడ కుట్టులో చిక్కుకుందేమో చూస్తారు. ఆ పరీక్ష ముందు సాకులు చెల్లవు.

రాత్రి డ్యూటీ కఠినం. ఫ్లాప్ (ఒకచోటి నుంచి రక్తనాళాలతో సహా తీసి మరోచోట అతికించే కణజాలం) అమర్చిన రోగిని మొదటి రోజు గంటగంటకూ చూడాలి. ఆ ఫ్లాప్ పాలిపోయి చల్లబడితే ధమనిపై అనుమానం. నీలంగా ఉబ్బి, నొక్కి వదిలితే రంగు మరీ త్వరగా తిరిగి వస్తే సిర మూసుకుపోతోందన్నమాట. ఈ తేడా పుస్తకం చదివితే ఒంటబట్టదు. అనుమానం వచ్చి అర్ధరాత్రి ఫోను చేస్తే సీనియర్లు విసుక్కోకుండా వస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కాగితాల పని మితిమీరింది. భోజన వేళల గురించి అడగకండి!

ఆపరేషన్‌లో చిన్నవాటిని పెద్దగా చూపే లూప్ కళ్లద్దాలు సొంతంగా కొనుక్కోవాలి. కొలతలు ఇచ్చేటప్పుడు బిగుసుకుని కూర్చోకుండా, మీరు నిజంగా పనిచేసే భంగిమలోనే ఉండండి. లేకపోతే మెడ పట్టేస్తుంది.