నక్షత్రాల మ్యాప్ యాప్ రాద్దామని కొన్న వాచ్: 5కి 3.5

స్టెప్స్, హార్ట్ రేట్, నిద్ర సంగతులు ఇక్కడ చాలామందే రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను ఈ వాచ్ కొన్నది ఆకాశం మ్యాప్ చూపించే యాప్ సొంతంగా రాసుకుందామని. మారతహళ్లిలో మా మేడ మీద మూడు నెలలు దీంతో కుస్తీ పట్టాక ఈ రివ్యూ రాస్తున్నాను.

స్క్రీన్‌కి ఫుల్ మార్కులు. గుండ్రంగా ఉంది కదా, నడినెత్తిని మధ్యలో పెట్టి దిగంతాన్ని అంచు చుట్టూ తిప్పితే ఆకాశం అతికినట్టు సరిపోతుంది. నల్ల రంగు నిజంగా నల్లగా ఉంటుంది.

మెమరీ దగ్గరే పిసినారితనం. కంటికి కనపడే చుక్కల పట్టిక బ్రైట్ స్టార్ కేటలాగ్ ఉంది కదా, అందులోని 9,110 ఎంట్రీలూ తోసేస్తే కంప్యూటర్‌లోని సిమ్యులేటర్‌లో (నకలు వాచ్‌లో) హాయిగా నడిచింది, వాచ్‌లో మాత్రం తెరవగానే మూసుకుపోయింది. చివరికి 4వ మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) దాకా ఉన్న ఓ 500 చుక్కలు ఉంచి, ఒక్కోదానికి 5 బైట్ల చొప్పున రెండున్నర వేల బైట్లలో సర్దేశాను. ఔటర్ రింగ్ రోడ్ వెలుతురులో అన్ని కూడా కనపడవు లెండి. ప్రాసెసర్ కూడా నెమ్మదే, సెకనుకోసారి సైన్లు, కోసైన్లు లెక్కపెట్టమంటే నత్తలా పాకింది. ఆకాశం ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది, అంటే నిమిషంలో ఈ స్క్రీన్ మీద ఒక పిక్సెల్ కూడా కదలదు. అందుకని నిమిషానికోసారి లెక్క వేసి, చెయ్యి తిప్పినప్పుడు బొమ్మని మాత్రం తిప్పుతున్నా.

ఒక తప్పు మాత్రం వాచ్‌ది కాదు, నాదే. గడియారం టైమ్‌నే బెంగళూరు స్థానిక సమయం అనుకుని లెక్క వేస్తే చుక్కలన్నీ దాదాపు 5 డిగ్రీలు పడమరకి జరిగిపోయాయి, అంటే చెయ్యి చాపి చూస్తే మూడు వేళ్ల వెడల్పు. వారం రోజులు కంపాస్‌ని తిట్టాను. మన టైమ్ కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మనం ఉన్నది 77.6 దగ్గర, తేడా 20 నిమిషాలు. ఆ సవరణ పెట్టాక అగస్త్య నక్షత్రం, ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన, 24 డిగ్రీల ఎత్తులో చెప్పినచోటే ఉంది.

కంపాస్‌ని తిట్టడంలో తప్పు లేదనుకోండి. దీంతో ఇచ్చే లోహపు జాలీ బెల్ట్‌కి అయస్కాంతం కొక్కెం, అది కంపాస్‌ని 30 డిగ్రీల దాకా లాగేస్తోంది! కంపాస్ ఉన్న వాచ్‌కి అయస్కాంతం ఉన్న బెల్ట్ ఇవ్వాలన్న ఆలోచన ఎవరిదో కానీ దండం పెట్టాలి. మామూలు సిలికాన్ బెల్ట్ వేసుకుని, చేతిని 8 అంకెలా తిప్పితే దారికొస్తుంది. మేడ మీద లిఫ్ట్ మోటార్ గదికి దూరంగా నిలబడండి.

ఇంకో చిరాకు. చీకటికి కళ్లు అలవాటు పడడానికి అరగంట పడుతుందని యాప్ అంతా ఎరుపులో గీశాను, సరిగ్గా అప్పుడే ఓ ఓటీపీ మెసేజ్ తెల్లగా భగ్గుమంటుంది. యాప్ నుంచి దాన్ని ఆపే దారి దొరకలేదు, డిస్టర్బ్ చేయొద్దన్న మోడ్ మనమే పెట్టుకోవాలి. స్క్రీన్ ఆరనివ్వకుండా వాడితే బ్యాటరీ గంటకి 20 శాతం పైనే పోతుంది.

మొన్న మదనపల్లె వెళ్తూ చింతామణి దాటాక కారు ఆపి నాయనకి చూపించాను. "అదేంరా, తూర్పుని ఎడమ పక్కకి పెట్టినావు?" అన్నాడు. ఇది నేల మ్యాప్ కాదు, తలెత్తి చూసే ఆకాశం మ్యాప్ అని, చెయ్యి తల మీదకి ఎత్తి కింద నుంచి చూడమన్నాను. ఎత్తి, కాసేపు చూసి, "మరి పిల్లలకోడి యాడుంది?" అన్నాడు. కృత్తికలని రాసి పెట్టాను కానీ ఆ పేరు నాకు తట్టనే లేదు, ఆ రాత్రే మార్చాను.

వాచ్ ఇప్పుడు నాయన చేతికుంది. నేను ఇంకోటి కొంటానా అంటే, ఆఫర్‌లో వస్తే కొంటా, బెల్ట్ వేరేది.